రీఫ్ ట్యాంకు సైక్లింగ్: టెస్ట్ కిట్ సున్నా చూపించాక కూడా ఎందుకు ఆగాలి?

క్లుప్తంగా: రీఫ్ ట్యాంకు అంటే పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. చేపల నుంచి వచ్చే విషమైన అమ్మోనియాను మార్చే సూక్ష్మజీవుల్ని, చేపలను వదలడానికి ముందే అందులో పెంచడమే సైక్లింగ్. ఇలాంటి కొత్త ట్యాంకులో రెండు పనులు వేర్వేరు వేగాలతో నడుస్తాయి. అమ్మోనియాను తినే సూక్ష్మజీవులు కుదురుకోవడానికి సాధారణంగా 3 నుంచి 6 వారాలు పడుతుంది. రాళ్ల మీద, ఇసుకలో మిగతా జీవజాలం సర్దుకోవడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. మొదటిది ముగియగానే రెండోదీ ముగిసిందనుకుని చేపలు, పగడాలు కొనేయడం వల్లే చాలా ట్యాంకులు దెబ్బతింటాయి.

మెరైన్ ట్యాంకు పెట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: చేపను ఎన్ని రోజులకు వదలొచ్చు? ఒక షాపులో వారం అంటారు, ఇంకో షాపులో 21 రోజులంటారు, ఆన్‌లైన్‌లో వెతికితే 40 రోజులు తప్పదని కనిపిస్తుంది. బ్యాక్టీరియా సీసా అమ్మేవాళ్లయితే అదే రోజు వదిలేయమంటారు. విచిత్రమేమిటంటే ఈ నాలుగూ ఏదో ఒక ట్యాంకు విషయంలో నిజమే. ఏ రాయి వేశారు, ఏ నీళ్లు పోశారు, ఎంత అమ్మోనియా ఇచ్చారు, సూక్ష్మజీవులు ఎక్కణ్ణుంచి వచ్చాయి అన్నదాన్ని బట్టి గడువు మారిపోతుంది. లోపల జరిగేదేమిటో తెలిస్తే రోజుల లెక్కతో పెద్దగా పని ఉండదు.

## కల్లుప్పుతో సముద్రం ఎందుకు తయారవదు

నౌపడా ఉప్పు కూడా సముద్రం నుంచి వచ్చిందే కదా, దాన్నే మళ్లీ నీళ్లలో కలిపితే సరిపోదా అన్న సందేహం సహజం. సరిపోదు. ఉప్పు మడిలో సముద్రపు నీరు ఎండేటప్పుడు లవణాలన్నీ ఒకేసారి గడ్డకట్టవు. మొదట కాల్షియం కార్బొనేట్, తర్వాత జిప్సం అడుగుకు దిగుతాయి. మనం కూరలో వేసుకునే సోడియం క్లోరైడ్ ఆ తర్వాత రాళ్లు కడుతుంది. మెగ్నీషియం, పొటాషియం చాలావరకు చివర మిగిలే చేదు నీళ్లలోనే ఉండిపోతాయి. ఆ నీళ్లను వేరుచేసి, ఉప్పును కుప్ప పోస్తారు. అంటే పగడం తన అస్థిపంజరం కట్టుకోవడానికి కావలసిన సరుకులో సగం ముందే పోయింది, మిగతా సగం వెనకే ఉండిపోయింది.

అసలు సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో కాల్షియం 410 మిల్లీగ్రాముల చొప్పున, మెగ్నీషియం 1,300 దరిదాపుల్లో ఉంటుంది. ఈ పాళ్లకు దగ్గరగా తయారుచేసిన సింథటిక్ ఉప్పు అక్వేరియం షాపుల్లో దొరుకుతుంది. అందులో కొంత తేమ కూడా కలిసి ఉంటుంది కాబట్టి నూరు లీటర్లకు మూడున్నర నుంచి నాలుగు కిలోల దాకా పడుతుంది. సాలినిటీ (ఉప్పదనం) 35, లేదా సాంద్రత 1.026 వచ్చిందో లేదో రిఫ్రాక్టోమీటరుతో చూస్తారు. రొయ్యల చెరువుల మీద తిరిగేవాళ్లకు ఈ పరికరం కొత్తేమీ కాదు. ఒక్క తేడా ఉంది: మంచినీటితో సున్నా సరిచేసుకుని వదిలేస్తే 35 దగ్గర తప్పు చూపే అవకాశం ఉంటుంది. 35 సాలినిటీ ఉన్న ప్రామాణిక ద్రావణంతో సరిచేసుకోవడం మేలు.

ఉప్పు కలిపే నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. బోరు నీళ్లలో టీడీఎస్ 500 దాటడం మామూలే. ఇంట్లో తాగే ఆర్వో దాన్ని బాగా తగ్గిస్తుంది గానీ సున్నా చేయదు, చేయకూడదు కూడా. ట్యాంకుకు మాత్రం ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ గుండా పంపి, మీటరు సున్నా చూపించే నీళ్లు కావాలి. నీళ్లలో మిగిలిన సిలికేట్, ఫాస్ఫేట్ నాచుకు ఎరువవుతాయి. పాత ఇత్తడి కొళాయి నుంచి వచ్చే రాగి రొయ్యల్ని, నత్తల్ని చంపుతుంది.

విశాఖలో ఉన్నవాళ్లకు సముద్రమే పక్కన ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఒడ్డు దగ్గరి నీళ్లలో నగరపు మురుగు, ఓడరేవు నూనె కలుస్తుంటాయి. పైగా వానాకాలం ముగిసే సమయానికి నదులు మోసుకొచ్చిన మంచినీటితో బంగాళాఖాతం పైపొర పలచబడి, అక్టోబరు, నవంబరు నెలల్లో తీరం వెంట సాలినిటీ 30 కంటే కిందికి పడిపోతుంది. బీచ్ ఇసుకదీ అదే కథ. భీమిలి వైపు ఇసుకలో కనిపించే నల్లటి చారలు ఇల్మనైట్ వంటి బరువు ఖనిజాలు. రీఫ్ ట్యాంకులో వేసేది అరగొనైట్, అంటే పగడాలు, గవ్వలు అరిగి అయిన కాల్షియం కార్బొనేట్ ఇసుక.

## రాయి ఎక్కడిది?

ఈ అభిరుచిలో రాయే అసలు ఫిల్టర్. ఇండొనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రం నుంచి తెచ్చిన జీవమున్న రాళ్లతో, గాలి బుడగలతో ట్యాంకులు నడిపిన పద్ధతిని 1961లో ప్రకటించారు. తర్వాత జర్మనీలో ఆ రాళ్లకు ప్రొటీన్ స్కిమ్మర్ (నురగతో పాటు మలినాలను లాగేసే పరికరం) జోడించారు, దానికి బెర్లిన్ పద్ధతి అని పేరొచ్చింది. సముద్రంలో ఏళ్ల తరబడి ఉన్న లైవ్ రాక్ వేస్తే సూక్ష్మజీవులు రాయితోనే వస్తాయి. చచ్చిన జీవాలు కుళ్లడం ఆగగానే, రెండు మూడు వారాల్లో సైకిల్ ముగిసేది. పాత పుస్తకాల్లోని చిన్న గడువులు ఆ కాలానివి.

ఇప్పుడు పరిస్థితి వేరు. లైవ్ రాక్ ఎగుమతి చేసే దేశాలు ఆంక్షలు పెంచాయి. ఫిజీ 2017 చివర్లో ఎగుమతి ఆపేసింది. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రీఫ్ కట్టే గట్టి పగడాలన్నిటినీ, సీ ఫ్యాన్‌లను, సముద్ర గుర్రాలను 2001లో మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వీటికీ ఇచ్చారు. మన్నార్ సింధుశాఖలోనో, లక్షద్వీప్‌లోనో పగడపు రాయి విరిచి తేవడం నేరం. విదేశాల నుంచి తెప్పించే గట్టి పగడాలకు, ముప్పులో ఉన్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పత్రాలుండాలి. షాపువాడు చూపించలేకపోతే కొనకపోవడమే మంచిది. అందువల్ల నేటి ట్యాంకులు ఎక్కువగా పొడి రాయితో, అంటే ఎండిన లేదా ఫ్యాక్టరీలో పోసిన రాయితో మొదలవుతున్నాయి. అది శుభ్రం, చౌక, చట్టానికి ఇబ్బంది లేదు. కానీ అందులో ప్రాణం లేదు. నేటి ఆలస్యాలన్నిటికీ మూలం ఇక్కడుంది.

## అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా

చేప మొప్పల ద్వారా అమ్మోనియాను వదులుతుంది. మిగిలిన మేత, చచ్చిన జీవి కుళ్లినా అదే వస్తుంది. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అంత హాని చేయని అమ్మోనియం, రెండోది మొప్పల గుండా నేరుగా దూరిపోయే స్వేచ్ఛా అమ్మోనియా. ఏది ఎంత అన్నది పీహెచ్ తేలుస్తుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటి ట్యాంకులో విషరూపం ఒక శాతం కూడా ఉండదు. 8.2 దగ్గర ఉండే ఉప్పునీటిలో అది చాలా రెట్లు పెరుగుతుంది. గోల్డ్ ఫిష్ తట్టుకున్న అమ్మోనియా రీడింగు ఉప్పునీటి క్లౌన్ ఫిష్‌ను చంపేయడానికి కారణం ఇదే.

ఈ అమ్మోనియాను ఒక జాతి సూక్ష్మజీవులు నైట్రైట్‌గా, ఇంకో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి పని బ్యాక్టీరియాదేనని చాలాకాలం అనుకున్నారు. 2005లో సియాటిల్ అక్వేరియంలోని ఒక ఉష్ణమండల సముద్ర ట్యాంకు కంకరలో అమ్మోనియాను తినే ఆర్కియా (బ్యాక్టీరియా కాని వేరే తరగతి సూక్ష్మజీవి) దొరికింది. దానికి నైట్రోసోప్యూమిలస్ మారిటిమస్ అని పేరు పెట్టారు. అలాంటి జీవులు మహాసముద్రాల్లో అపారంగా ఉన్నాయని తర్వాత తేలింది. ఒక అక్వేరియం కంకరలో దొరికిన జీవి సముద్ర శాస్త్రాన్నే కదిలించిందన్నమాట.

## నెల రోజులు ఎందుకు: తోడు లెక్క

రాత్రి పాలలో చెంచాడు తోడు వేస్తే తెల్లారేసరికి పెరుగు. ట్యాంకులో సీసాడు బ్యాక్టీరియా పోస్తే తెల్లారేసరికి సైకిల్ ఎందుకు అవ్వదు? వేగంలో తేడా వల్ల. గంటకోసారి రెట్టింపయ్యే జీవి పది గంటల్లో వెయ్యి రెట్లవుతుంది. నైట్రిఫై చేసే, అంటే అమ్మోనియాను నైట్రేట్ దాకా మార్చే జీవులు మంచి పరిస్థితుల్లో కూడా ఒకసారి రెట్టింపు కావడానికి సగం రోజు నుంచి రోజు దాకా తీసుకుంటాయి. రోజుకోసారి అనుకుంటే అదే వెయ్యి రెట్లకు పది రోజులు. పొడి రాయి మీద గాలి నుంచో, ఇసుక నుంచో వచ్చిపడిన కొద్ది కణాలతో మొదలై వందకోట్ల రెట్లు పెరగాలంటే ముప్పై రెట్టింపులు కావాలి. అంటే నెల. ఆన్‌లైన్‌లో కనిపించే నెలా, నలభై రోజుల లెక్కలకు వెనక ఉన్నది ఈ గణితం.

సీసా చేసే పని తోడు చేసే పనే, ఎక్కువ సంఖ్యతో మొదలుపెట్టించడం. అందుకే మంచి సీసాతో వారం, రెండు వారాల్లో పని అవుతుంది. అయితే సీసాలన్నీ ఒకటి కావు. ఆక్వా మందుల షాపుల్లో పొడి రూపంలో అమ్మే ప్రొబయోటిక్స్ ఎక్కువగా బాసిల్లస్ జాతివి. వాటికి గింజలాంటి స్పోరు కట్టి పొడిలో బతికే గుణముంది. అవి చెరువు అడుగున పేరుకున్న మేతను, మలాన్ని కుళ్లబెడతాయి గానీ అమ్మోనియాను నైట్రైట్ చేయవు. నైట్రిఫై చేసే జీవులు స్పోరు కట్టవు కాబట్టి వాటిని ద్రవంలో, చల్లగా దాచాలి. మే నెలలో విజయవాడ దాకా కొరియర్ వ్యాన్‌లో మూడు రోజులు ప్రయాణించిన సీసాలో ఏం బతికి ఉందో లేబుల్ చెప్పలేదు. అమ్మోనియా టెస్టే చెప్పాలి.

## నూరు లీటర్ల ట్యాంకులో ఏం కనిపిస్తుంది

చేపను పెట్టి సైకిల్ చేయడం పాత అలవాటు. ఆ చేప వారాలపాటు తన విషంలోనే ఈదుతుంది. దాని బదులు అమ్మోనియం క్లోరైడ్ వాడితే సరిపోతుంది. ఇది ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేటప్పుడు తెల్లటి పొగ లేచేలా చల్లే నవాసాగరమే. కాకపోతే బజారు నవాసాగరంలో లోహాలు, మలినాలు ఉండొచ్చు కనుక ల్యాబ్ రకం తీసుకోవాలి. నూరు లీటర్ల నీటిలో అమ్మోనియా 2 పీపీఎం, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు, రావడానికి 0.63 గ్రాములు చాలు, అంటే చిటికెడు. 5 పీపీఎం దాటిస్తే ఆ మోతాదే సూక్ష్మజీవుల ఎదుగుదలను అణిచేస్తుంది.

మొదటి వారం టెస్ట్ ట్యూబులో చుక్కలు వేసి కదిపిన ప్రతిసారీ పసుపు కాస్తా ఆకుపచ్చకు తిరుగుతుంది. రీడింగు కదలదు. ఏదో తప్పు జరిగిందన్న టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. రెండో వారంలో ఆకుపచ్చ లేతబడుతుంది, నైట్రైట్ కనిపిస్తుంది. తర్వాత నైట్రైట్, కిట్‌తో వచ్చే రంగుల కార్డు మీది చివరి రంగుకు చేరి అక్కడే రోజులు గడిచిపోతాయి. సైకిల్ ఆగిపోయిందని నీళ్లు మార్చేవాళ్లు, ఇంకో సీసా కొనేవాళ్లు ఈ దశలోనే ఎక్కువ.

చిన్న లెక్క చూస్తే ఆగలేదని తెలుస్తుంది. 2 పీపీఎం అమ్మోనియా పూర్తిగా మారితే 5.4 పీపీఎం నైట్రైట్ అవుతుంది, ఎందుకంటే నైట్రోజన్‌కు ఆక్సిజన్ తోడై బరువు పెరుగుతుంది. చాలా కిట్ల కొలత 5తో ఆగిపోతుంది. ఇలా 2 పీపీఎం చొప్పున రెండు డోసులు వేసిన ట్యాంకులో నైట్రైట్ 10 నుంచి 6కు తగ్గినా కార్డు మీద రంగు అదే. ఇంకో చిక్కు కూడా ఉంది. నైట్రేట్ కిట్ నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి కొలుస్తుంది. నీళ్లలో ముందే నైట్రైట్ ఉంటే నైట్రేట్ రీడింగు అసలుకు ఎన్నో రెట్లు కనిపిస్తుంది. నైట్రైట్ పోయేదాకా నైట్రేట్ టెస్ట్ చేయడం డబ్బు దండగ.

ఈ పనికి ఆక్సిజన్ ఎంత కావాలో చాలామంది ఊహించరు. 2 పీపీఎం అమ్మోనియా నైట్రేట్ కావడానికి లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. 26 డిగ్రీల ఉప్పునీరు నిండుగా పట్టినా పట్టేది 6.7 మిల్లీగ్రాములే. నీళ్లలో ఉన్న నిల్వ మొత్తం కంటే ఖర్చే ఎక్కువన్నమాట. పైనుంచి నిరంతరం గాలి అందుతూ ఉండాలి కాబట్టే పంపు నోటిని నీటి మట్టం వైపు తిప్పి అలలు లేపుతారు. చెరువులో ఏరేటర్ ఆపితే ఏమవుతుందో రైతుకు తెలుసు, ఇక్కడా సూత్రం అదే. అలాగే ఒక్కో డోసుకు ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా కాపాడే కార్బొనేట్ల నిల్వ, 0.65 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం) చొప్పున కరిగిపోతుంది. నాలుగైదు డోసులు వేసి ఒక్కసారీ చూసుకోకపోతే 8 ఉన్నది 5 దగ్గరికి వస్తుంది, సూక్ష్మజీవులు మందగిస్తాయి. చిటికెడు వంటసోడాతో అది సర్దుకుంటుంది.

సాయంత్రం 2 పీపీఎం వేసి, మర్నాడు సాయంత్రానికి అమ్మోనియా సున్నాకు వస్తే ఆ ట్యాంకు ఆ మోతాదును మోయగలదని అర్థం. డోసుకు 7 పీపీఎం చొప్పున పోగైన నైట్రేట్‌ను తగ్గించడానికి సగం నీళ్లు మారుస్తారు. ఇదంతా జరుగుతున్నప్పుడు లైటుతో పనిలేదు. వెలిగిస్తే నాచుకు తప్ప ఎవరికీ లాభం లేదు.

## నైట్రైట్ భయం ఎంతవరకు నిజం

మంచినీటి చేపల రక్తంలోకి నైట్రైట్ చేరితే రక్తం గోధుమ రంగుకు తిరిగి ఆక్సిజన్ మోయలేదు. ఉప్పునీటి చేపలకు ఈ ప్రమాదం చాలా తక్కువ. మొప్పల్లో నైట్రైట్, క్లోరైడ్ ఒకే దారిన లోపలికి వెళ్తాయి. సముద్రపు నీటిలో లీటరుకు 19 గ్రాములకు పైగా క్లోరైడ్ ఆ దారిని కిక్కిరిసి ఉంచుతుంది. తక్కువ సాలినిటీలో వనామీ రొయ్యలు పెంచే చెరువుల్లో నైట్రైట్ భయం ఎక్కువగా ఉండటానికి కారణం కూడా ఇదే, అక్కడ క్లోరైడ్ కాపలా పలచన. కాబట్టి రీఫ్ ట్యాంకులో అమ్మోనియా ఒక్క రోజులో సున్నా అవుతూ, నైట్రైట్ కాస్త మిగిలి ఉంటే కంగారు పడక్కర్లేదు. మంచినీటి ట్యాంకు నియమాలను ఉన్నవున్నట్టు ఇక్కడికి తేవడం వల్ల వచ్చిన భయమిది.

## సున్నా తర్వాత వచ్చే గోధుమ నెలలు

రీడింగులన్నీ బాగున్నాయి, లైటు వెలిగించారు, రెండు వారాల్లో తెల్లటి ఇసుక మీద గోధుమ పొడి. చాలామంది దీన్ని వైఫల్యం అనుకుంటారు. దున్ని వదిలేసిన చేలో మొదట మొలిచేది కలుపే. పొడి రాయి కూడా అలాంటి ఖాళీ నేల. సిలికేట్ తినే డయాటమ్స్ అనే సూక్ష్మ నాచు ముందు వస్తాయి, అది అయిపోగానే పోతాయి. తర్వాత ఎర్రటి జిగట చాపలా సయనోబ్యాక్టీరియా, ఆపైన ఆకుపచ్చ వెంట్రుక నాచు. వీటిని నత్తలు, చేతి శ్రమ, కాలం కలిసి లొంగదీస్తాయి.

డైనోఫ్లాజెల్లేట్స్ అనే ఏకకణ జీవులు అలా కాదు. గోధుమ రంగు చీమిడిలా తీగలు సాగి, చివర్లలో బుడగలతో, పగలు కనబడి రాత్రికి పలచబడితే అవే. వీటిలో కొన్ని జాతులు విషం కూడా తయారుచేస్తాయి, తిన్న నత్తలు చచ్చిపోతాయి. నాచు వచ్చిందని ఫాస్ఫేట్ రిమూవర్లు పెట్టి, చేపలకు మేత తగ్గించి, నైట్రేట్, ఫాస్ఫేట్ రెండింటినీ సున్నాకు తెచ్చిన కొత్త ట్యాంకుల్లో ఇవి తరచూ కనిపిస్తాయి. పోటీకి రావలసిన నాచు, బ్యాక్టీరియా ఆకలితో వెనకబడగానే ఖాళీ జాగా వీటి పరమవుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉండేలా చూస్తారు. శుభ్రత మీద మితిమీరిన శ్రద్ధే ట్యాంకును చెడగొట్టే సందర్భం ఇది. పాత, ఆరోగ్యమైన ట్యాంకు నుంచి తెచ్చిన గుప్పెడు ఇసుకో, చిన్న రాయి ముక్కో ఈ దశలో ఖరీదైన మందుల కంటే పనికొస్తుంది. దాంతోపాటు తెగుళ్లూ వస్తాయన్నది నిజమే, చేపల్లేని ట్యాంకు నుంచి తెస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది.

## ఎండాకాలం

పగడాలకు 25, 26 డిగ్రీలు హాయి. 30 దాటి కొన్నాళ్లుంటే కణజాలంలో ఉండి ఆహారం అందించే నాచును బయటికి నెట్టేసి తెల్లబడతాయి. హైదరాబాద్‌లో నీటి మీదకు ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే విశాఖలో అంత దిగదు, అక్కడ నీటిని చల్లబరిచే చిల్లర్ తప్పదు. ఫ్యాన్‌తో ఇంకో ఖర్చుంది. నూరు లీటర్ల ట్యాంకు రోజుకు మూడు లీటర్లు ఆవిరైతే సాలినిటీ ఒక్క రోజులో 35 నుంచి 36కు ఎక్కుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. ఆ లోటును మంచి ఆర్వో డీఐ నీటితో పూడ్చాలి. ఉప్పునీరు పోస్తూ ఉంటే సాలినిటీ రోజురోజుకూ పెరుగుతూ పోతుంది.

కరెంటు పోయినప్పుడు చిల్లర్‌ను ఇంటి ఇన్వర్టర్ లాగలేకపోవచ్చు. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు మాత్రం ప్రతి ట్యాంకు దగ్గరా ఉండాల్సిందే. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, సూక్ష్మజీవుల ఆకలి ఎక్కువ.

## మొదటి చేప, రెండో చేప, గట్టి పగడం

సైకిల్ పూర్తయిందన్న మాట ఒక మోతాదుకు సంబంధించింది. జీవుల సంఖ్య అందిన అమ్మోనియాకు తగ్గట్టే ఉంటుంది. డోసు ఆపి నెల రోజులు ఖాళీగా వదిలేస్తే అవి మందగిస్తాయి, ఆ తర్వాత ఒకేసారి ఆరు చేపలు వేస్తే మళ్లీ అమ్మోనియా కనిపించవచ్చు. ఒక జత క్లౌన్ ఫిష్‌తో మొదలుపెట్టి, రెండు వారాలు గమనించి ఇంకొకటి తేవడం క్షేమం. హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్ అయితే మేలు. వీటిచేత పిల్లలు పెట్టించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) మన దేశంలోనే రూపొందించింది. సముద్రంలో పట్టిన చేపల కంటే ఇవి గుళికల మేతకు త్వరగా అలవాటు పడతాయి. ఏ చేపైనా వేరే తొట్టిలో కొన్ని వారాలు ఉంచాకే అసలు ట్యాంకులోకి రావాలి. తెల్ల మచ్చల జబ్బు ఒకసారి రాళ్లలోకి చేరితే, దానికి వాడే రాగి మందు పగడాలున్న ట్యాంకులో వాడలేరు.

మెత్తటి పగడాలు రెండు మూడు నెలల ట్యాంకులోనే నిలదొక్కుకుంటాయి. కొమ్మల్లా పెరిగే గట్టి పగడాలకు ట్యాంకు ఎప్పుడు సిద్ధమో దాని వెనక అద్దం చెబుతుంది. ఏదో ఒక వారం అద్దం మీద, పంపు మీద ఆవగింజంత గులాబీ చుక్కలు కనిపిస్తాయి. గోకితే తేలిగ్గా రావు. అవి కోరలీన్ నాచు, సున్నపు పూత కట్టుకునే రకం. అప్పటిదాకా వారమంతా కదలని ఆల్కలినిటీ రీడింగు, గట్టి పగడం ఒక్కటీ పెట్టకుండానే, ఆ పూతకు ఖర్చవుతూ కొద్దికొద్దిగా తగ్గడం మొదలవుతుంది.